క్యాలెండరు చాటున

పోయిన వానాకాలం ఆత్మకూరులో మేముండే అద్దె ఇంటి గోడ చెమ్మెక్కి, నల్లగా బూజు పట్టింది. ఆ ఆదివారం మా ఇంట్లో ప్రార్థన కూటం. సంఘం వాళ్లు చూస్తే పరువు పోతుందని, ఆ బూజు మీద బైబిలు వాక్యాల పెద్ద క్యాలెండరు తగిలించాను. "దీని ఎనకాల ఏముండాదో ఎవురికీ చెప్పబాక, చెప్తే చంపేస్తా" అని ఆరేళ్ల మా పాపను బెదిరించాను.

కూటం అయిపోయింది. గోడ సంగతి మరిచిపోయాను. పాప మంచం ఆ గోడ పక్కనే. దగ్గు పట్టుకుంటే, ఐసు తింటోందని వీపు మీద రెండేశాను కూడా.

ఒక మధ్యాహ్నం దానికి ఊపిరాడలేదు, పెదాలు నీలంగా మారాయి. ఆస్పత్రిలో మాస్కు పెట్టించి డాక్టరు అడిగాడు. "ఇంట్లో చెమ్మ గానీ బూజు గానీ ఉండాదా అమ్మా?"

అప్పుడు గుర్తొచ్చింది. కానీ పక్క మంచం దగ్గర మా సంఘం ఆవిడ నిలబడి వింటోంది.

"లేదు సార్. మా ఇల్లు అద్దం మాదిరి ఉంటాది" అన్నాను.

పాప నా మొహంలోకి చూసింది. మాస్కు పక్కకు లాగి, ఆయాసపడుతూ చెప్పింది. "అవును సార్. క్యాలెండరు ఎనకాల కూడా ఏం లేదు."

క్యాలెండరు గురించి ఆయన అడగనే లేదు.

ఊపిరాడక కొట్టుకుంటూ కూడా నా బిడ్డ నా మాట దాటలేదు. అంత గట్టిగా బెదిరించాను మరి.