ఆ బనియను ఉతికింది నేను

"వాడిని తిట్టమాకే, వాడికేం తెలుసు పాపం" అన్నది మా ఆయన నాతో అన్న ఆఖరి మాట. "తెలియకపోతే నువ్వు చెప్పొచ్చుగా మావా, ఇన్నేళ్లబట్టీ నీ నోరేమన్నా పడిపోయిందా?" అన్నది నేను ఆయనతో అన్న ఆఖరి మాట. అలా అనేసి విసురుగా లేచి వంటింట్లోకి పోయి టీకి నీళ్లు పెట్టాను. రెండు కప్పులూ పట్టుకుని తిరిగొచ్చేసరికి టీవీలో ఆ బేస్‌బాల్ ఆటగాడు ఇంకా పళ్లికిలిస్తూనే ఉన్నాడు. మా ఆయన మాత్రం రిమోటు ఒళ్లో పెట్టుకుని, తల సోఫా మీదికి వాల్చి, నాకు జవాబు చెప్పకుండానే వెళ్లిపోయాడు.

అది జరిగి ఎనిమిది నెలలైంది. పోయిన వారం, ఈ దేశం వచ్చిన కొత్తలో మేము కాపురం పెట్టిన ఆ ఉత్తరాది చలి ఊరి తెలుగు సంఘం నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్లు సావనీర్ వేస్తున్నారట, పాతవాళ్ల జ్ఞాపకాలు కావాలట. "అంకుల్ ఆ స్టార్ ప్లేయర్ దగ్గర వర్క్ చేశారంట కదా ఆంటీ! షో చూసి అందరూ అదే అనుకుంటున్నారు. స్వీట్ మెమరీస్ ఏమైనా ఉంటే రాసి పంపండి, ఫోటో ఉంటే ఇంకా సూపర్" అంది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. ఇప్పుడు నేను దక్షిణాన కాపెల్ అనే ఊళ్లో మా ఆడపడుచు కొడుకు ఇంట్లో ఉంటున్నాను. వాడి భార్య, నన్ను అత్తయ్యా అని పిలిచే పిల్ల, శనివారం పూట ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నేను చెప్పింది చెప్పినట్టు కొడుతోంది. మీరు తీపి గుర్తులు అడిగారు. నా దగ్గర తీపి లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, వేసుకుంటే వేసుకోండి.

ముందు వాడి సంగతి. పేరు చెప్పను, చెబితే వాడికి మర్యాద చేసినట్టవుతుంది. ఆట మానేసి ఎన్నేళ్లయిందో, మోకాళ్లు అరిగి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, అయినా వాడు ఆడిన క్లబ్బు వాళ్లు ఇప్పటికీ ఏటేటా వాడి ఇంటికి డబ్బు పంపుతూనే ఉన్నారు, అప్పట్లో రాసుకున్న కాంట్రాక్టు అలాంటిదట. బంతి కొట్టినన్నాళ్లూ కొట్టినందుకు తీసుకున్నాడు, మానేశాక మానేసినందుకు తీసుకుంటున్నాడు. అలాంటి ముసలి ఆటగాళ్లను నలుగురిని మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి, ఎవరి కాంట్రాక్టు ఎంత పెద్దదో చెప్పించి చప్పట్లు కొట్టే కార్యక్రమం ఆ రోజు టీవీలో వచ్చింది. ఇంత సంపాదించారు కదా, పోగొట్టుకున్నది ఏమన్నా ఉందా అని అందులో ఒకామె అడిగితే, కాంట్రాక్టు ఏడాది నా అదృష్టపు బనియనును లాండ్రీలో పనిచేసే ఇండియావాడు కొట్టేశాడు అని చెప్పి పొట్ట ఊగేలా నవ్వాడు. ఆ పాటి ఇంగ్లీషు నాకిప్పుడు అర్థమవుతుంది. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది, ఆ మంటలోనే మా ఆయన్ని ఆ మాట అన్నాను.

మాది ప్రకాశం జిల్లా. మా రెండు వైపుల ఇళ్లలోనూ ఊరి బట్టలు ఉతకడమే పని. మిషన్ ఆసుపత్రి వాళ్లు చదివించబట్టి మా ఆడపడుచు ఒక్కతి నర్సు అయి, ఈ దేశం వచ్చి, తమ్ముణ్ణీ నన్నూ తెప్పించుకుంది. మా ఆయనకు ఇంగ్లీషు పిడికెడు, నాకు అదీ లేదు. ఆవిడ ఆసుపత్రిలో ఎవరో చెబితే ఆ ఊరి స్టేడియంలో, జనం కూర్చునే మెట్ల కింద ఉండే లాండ్రీ గదిలో ఆయనకు పని దొరికింది. ఆ ఆట చూడనివాళ్లు మీలో ఉంటే చెబుతున్నాను, ఎర్రమట్టి మీద పరుగెత్తి పరుగెత్తి నేలకు ఆనుకుని జారడమే అందులో సగం పని, ఆ జారేది కూడా తెల్ల ప్యాంట్లు వేసుకుని! ఆ మట్టి పోగుల్లోకి ఎక్కిందంటే మిషనుకు లొంగదు. అక్కడివాళ్లు ఘాటు మందులు పోసి బట్టను చంపేవారు. మా ఆయన ముందు మట్టిని బాగా ఆరనిచ్చి, దులిపి, చన్నీళ్లు చిలకరించి, సబ్బు రాసి, బ్రష్షుతో పోగు వెంబడే రుద్ది, అప్పుడు మిషన్లో వేసేవాడు. వేణ్నీళ్లు పోస్తే మట్టి మరక బట్టను కరుచుకుని వదలదని మా ఇళ్లలో పసిపిల్లకు కూడా తెలుసు. అక్కడి మేనేజరు ఆ ప్యాంట్లను వెలుతురుకు పట్టి చూసి, మా ఆయన వీపు తట్టేవాడట.

వంగి వంగి ఆయనకు నడుము పట్టేసింది. అందుకని పగటి ఆటలున్న రోజుల్లో పొద్దున్నే నేనూ వెంట వెళ్లేదాన్ని. పనిలో లేనివాళ్లు లోపలికి రాకూడదని రూలు, కానీ వెనక గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన నన్ను చూసి చూడనట్టు తల తిప్పుకునేవాడు, నేను ఆయన బల్ల మీద ఒక డబ్బాలో పులిహోర పెట్టి పోయేదాన్ని. నాకక్కడ జీతం లేదు, పేరు లేదు, ఏ కాగితంలోనూ నేను లేను. అయినా నిజం చెప్పాలంటే, నా బతుకులో ఆ పొద్దులే బాగుండేవి. పక్కపక్కన నిలబడి, ఆయన ప్యాంటు, నేను చొక్కా, ఒకళ్లను మించి ఒకళ్లం రుద్దుకుంటూ, ఎవరి బట్ట తెల్లగా వచ్చిందో చూసుకుని ఎగతాళి చేసుకునేవాళ్లం. ఆయన ఎప్పుడూ ఓడిపోయేవాడు.

ఆ ఏడాది ఈ ఆటగాడికి పట్టింది దశ. ఆడిన ప్రతి ఆటలోనూ వీడి దెబ్బ బంతికి తగులుతూనే ఉంది, ఊరు ఊరంతా వీడి బొమ్మలే. పాత కాంట్రాక్టు ఆ సీజన్‌తో అయిపోతుంది, ఇలాగే కొడితే కొత్తదానికి అంతు ఉండదని చెప్పుకునేవారు. దెబ్బ తగలడం మొదలైన రోజున వేసుకున్న లోపలి బనియనును వీడు ఆనాటి నుంచి ఉతకనివ్వలేదు. ఉతికితే అదృష్టం పోతుందట. ఆ చెమట బనియనును అలాగే తన అరలో మేకుకు తగిలించుకుని, మళ్లీ అదే తొడుక్కునేవాడు. మా ఆయన ఇంటికొచ్చి ఇదంతా చెప్పి నవ్వి, "నువ్వు మాత్రం దాని జోలికి పోమాకే తల్లీ" అన్నాడు. విన్నాను. విననట్టు అబద్ధం చెప్పను.

ఒక ఆదివారం పొద్దున మా ఆయన తువ్వాళ్ల బండి తోసుకుని పైకి వెళ్లాడు. ఆటగాళ్లు ఇంకా రాలేదు. విడిచిన బట్టలు ఏరుకురావడానికి నేను వాళ్ల గదిలోకి వెళితే మేకుకు అది వేలాడుతోంది, పచ్చగా, అట్టలా బిరుసెక్కి, చంక దగ్గర చిరిగి, ఆ గదంతా దాని వాసనే. మాసిన బట్ట ఎదురుగా కనిపిస్తూ ఉంటే వదిలి రావడం నా చేత కాలేదు. ఎవరింట్లోనైనా పేరంటానికి వెళ్లి, మాసిన దుప్పటి కనబడితే నా చేతులు జిలపెట్టేవి, అట్లాంటి దాన్ని నేను. పైగా మనసులో ఒక మూల, అదృష్టం మురికిలో ఎందుకు ఉంటుంది, తెల్లగా చూస్తే వాడే మెచ్చుకుంటాడులే అనుకున్నాను. తీసుకుపోయి, సబ్బు పట్టించి, నిమ్మకాయ చెక్క రుద్ది, మూడుసార్లు జాడించి, వెనకవైపు ఇనుప కడ్డీ మీద ఎండలో ఆరేసి, చంక చిరుగును సన్న కుట్టుతో కలిపి, మల్లెపువ్వులా అయ్యాక మళ్లీ అదే మేకుకు తగిలించి, ఎవరితోనూ చెప్పకుండా బస్సెక్కి ఇంటికొచ్చాను. అంత మంచి ఉతుకు నేను మళ్లీ ఉతకలేదు.

వాడొచ్చి చూసి గుర్తుపట్టలేదు. తన వస్తువును తాను గుర్తుపట్టలేకపోయాడు! లాండ్రీవాళ్లు కొత్త బనియను కొనుక్కొచ్చి తగిలించి, తనదాన్ని ఎవరికో అమ్ముకున్నారని గోల చేశాడు. అప్పటికే వాడి చెమటగుడ్డలు కొనుక్కునే పిచ్చివాళ్లు ఉన్నారు మరి. మేనేజరు మా ఆయన్ని పిలిచి ఆ బనియను చేతికిచ్చి, అసలుది ఎక్కడ అని అడిగాడట. మా ఆయన దాన్ని తిరగేసి చంకలో కుట్టు చూశాడు. నా కుట్టు ఆయనకు తెలియదా! నాకు తెలియదు సార్ అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఆ పూటే పనిలోంచి తీసేశారు. ఆ రోజు ఆటలో వాడి దెబ్బ ఒక్కటీ బంతికి తగల్లేదట, దాంతో వాడి అనుమానం గట్టిపడింది.

సాయంత్రం ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంటికొచ్చి ఇదంతా చెబితే, నేనే వచ్చి చెబుతాను పద అన్నాను. "నీకు లోపలికి వచ్చే హక్కే లేదంటారు, దొంగవి నువ్వేనంటారు, పోలీసోళ్లు నిన్ను అడుగుతారు, నీకు భాష రాదు. ఊరుకోవే" అన్నాడు. ఊరుకున్నాను. ఆయన ఆపాడు కాబట్టి ఊరుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు, నాకు భయం వేసింది, అందుకే ఊరుకున్నాను. ఇది కూడా రాయి అమ్మాయ్.

ఇప్పుడు మీ సంగతి. ఇది చదివేవాళ్లలో నా ఈడువాళ్లు కొందరు ఆ ఊళ్లోనే ఉన్నారు. బనియను దొంగ అని మా ఆయనకు పేరు పెట్టింది ఆ తెల్లవాడు కాదు, మీరే. ఒకరింట్లో వ్రతానికి పిలిస్తే వెళ్లాను. నేను బాత్రూమ్ ఎక్కడమ్మా అని అడగ్గానే, ఒకావిడ నాకన్నా ముందు పరుగున లోపలికి పోయి, గట్టు మీద పెట్టిన ఉంగరం తీసుకొచ్చి వేలికి పెట్టుకుంది. పదిమంది చూశారు. వాళ్లలో ఇంకొకావిడ "ప్రసాదం తీసుకున్నారా వదినా?" అంది. మా ఆడపడుచు కూడా ఏడాది పాటు మా గుమ్మం తొక్కలేదు.

"అత్తయ్యా, ఇది టూ మచ్ నెగటివ్‌గా ఉంది. ఆ రింగ్ మేటర్ డిలీట్ చేసేద్దామా? వాళ్లు చదివి ఫీలవుతారు" అంటోంది ఈ పిల్ల. ఫీలవనీ. ఆవిడకు తెలియాలనే చెబుతున్నాను.

సీజన్ అయిపోగానే వాడికి కొత్త కాంట్రాక్టు రానే వచ్చింది. వాడు సంతకం పెట్టడం టీవీలో చూపిస్తుంటే, ఒక మోటెల్లో దుప్పట్లు మార్చే పనిలో కుదిరిన మా ఆయన, అన్నం ముందు కూర్చుని చూసి, పోన్లే, బనియను లేకపోయినా వాడికి నష్టం జరగలేదు అని సంతోషపడ్డాడు. నాకు కంచం విసిరేయాలనిపించింది. ఆ తర్వాత ఎన్ని ఊళ్లు మారినా, వాడి ఆట వస్తే ఆయన చూడకుండా ఉండేవాడు కాదు. అది వాడి మీద ప్రేమా, నా మీద జాలా, ఆ ఎర్రమట్టి మీద బెంగా నాకు తెలియదు. అడగలేదు. అడగాల్సింది వదిలేసి నోరు పడిపోయిందా అని అడిగాను.

కాలం చాలా మారిపోయింది. ఇప్పుడు ఆటగాళ్లు వేసుకున్న బట్టలను అసలు ఉతకనే ఉతకరట, మట్టితో సహా గాజుపెట్టెలో పెట్టి, ఇది ఫలానావాడి చెమటే అని బిళ్ల అంటించి అమ్ముతారట. మురికికి సర్టిఫికెట్ ఇస్తున్నారు. మరక వదిలించే చేతులకు అప్పుడూ కాంట్రాక్టు లేదు, ఇప్పుడు ఆ చేతులే లేవు. వ్రతంలో ఉన్న ఆడవాళ్లలో సగం మంది పోయారని విన్నాను. మిగిలినవాళ్లు పోకముందు, వాడు పోకముందు, నేను పోకముందు ఇది అచ్చులో పడాలి: మా ఆయన ఏమీ దొంగిలించలేదు. ఆ బనియను ఎక్కడికీ పోలేదు, వాళ్ల చేతిలోనే ఉంది. ఉతికింది నేను, పేరు పోయింది ఆయనది.

పడిందా అమ్మాయ్ ఆ ముక్క? నువ్వు మంచిదానివి, అందుకే నాకు అనుమానం, ఎక్కడో ఒకచోట మెత్తబరిచి ఉంటావు. నాకు చూసుకోవడానికి చదువు లేదు. ఏదీ, మొదటి నుంచీ ఒక్క మాట వదలకుండా చదివి వినిపించు.