మేడం ఫోన్ చేయని మూడు ఎపిసోడ్లు

ఇప్పుడు మీరు చదవబోయేది ఎడారి గడ్డ మీద పుట్టిన మహాగాథ. ఇందులో ఒంటెల పందెం ఉంది, ప్రేమ ఉంది, విరహం ఉంది, నమ్మినవాడు చెప్పాపెట్టకుండా వదిలేసి వెళ్ళిన గుండెకోత ఉంది.

అంత లేదు. ఖతర్‌లో ఒక హౌస్ డ్రైవరు నేను రాసే కథ చదవడం మానేశాడు. ఎందుకు మానేశాడో తెలుసుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది. విషయం ఇంతే. ఒంటెల పందెం మాత్రం నిజంగానే ఉంది, కానీ దాన్నెవరూ పట్టించుకోలేదు.

నాది భీమవరం పక్క ఊరు. ఇక్కడ ఖతర్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. ఎన్ని హెల్మెట్లు వచ్చాయి, ఎన్ని చేతి తొడుగులు పోయాయి అని రోజంతా రాస్తాను. ఆ రాత సరిపోక సాయంత్రం క్యాంపుకొచ్చి మంచం మీద కూర్చుని ఫోన్లో ఒక కథల యాప్‌లో ఫ్యాన్ ఫిక్షన్ రాస్తాను. అంటే మనకు చెందని హీరోని, మనకు చెందని హీరోయిన్ని తెచ్చి మనకు నచ్చినట్టు బతికించడం. పక్కింటి పిల్లల బొమ్మలతో ఆడుకోవడం లాంటిది. కాకపోతే తిరిగివ్వమని ఎవరూ అడగరు.

నాకు దొరికిన బొమ్మలు ఒక టీవీ సీరియల్‌వి. పేరు చెప్పను. నాలుగేళ్ళు నడిపి, హీరో తాళి చేత్తో పట్టుకుని ఉండగా ఆపేశారు. మా అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు అదే టైముకి కొత్త సీరియల్ మొదలైంది, తినేసింది. నేను మాత్రం ఆ తాళిని అలా గాల్లో వదల్లేకపోయాను. నా కథలో హీరో ఆస్తంతా పోగొట్టుకుని ఖతర్‌కి హౌస్ డ్రైవరుగా వస్తాడు. హీరోయిన్ అదే విల్లాలో ఇంటిపనికి వస్తుంది. అంతమంది ఉన్న దేశంలో సరిగ్గా అదే విల్లాకి ఎలా వచ్చిందని అడక్కండి. దేశం మరీ అంత పెద్దది కాదు.

ఒక శుక్రవారం ముషైరిబ్ మెట్రో స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉంటే, పక్కాయన ఫోన్లో ఏదో చదువుతూ నవ్వుకుంటున్నాడు. తొంగి చూశాను. నా పన్నెండో ఎపిసోడ్. లోకంలో ఏ రచయితకైనా ఇంతకన్నా గొప్ప క్షణం ఉండదు. నేను మెల్లగా ముందుకు వంగాను. ఆయన మెల్లగా పర్సు మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏమప్పా, ఫోన్లోకి దూరేటట్టుండావే?"

"అది రాసింది నేనేనండీ."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. కాళ్ళకి సేఫ్టీ షూ, చేతిలో పెరుగు డబ్బా.

"నువ్వా? నేనింకా ఎవురో పెద్దాయన అనుకుంటినే."

ఆయనది కడప దగ్గర పల్లె. పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో డ్రైవరు. ఆ రోజు నుంచి నాకు అన్న. సీరియల్ ఆయన ఎప్పుడూ చూడలేదట. కథలో హీరో డ్రైవరని తెలిసి మొదలుపెట్టాడట. వారంలో ఐదు రోజులు, మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో ఆయన కామెంటు వచ్చేది. "హీరో కారు బాగా కడగలేదు", "ఆ రోడ్డున పోతే కెమెరా ఉంది, ఫైన్ పడుతుంది" ఇలాంటివి. ఇంకో ఇద్దరు డ్రైవర్లకి చదివి వినిపిస్తానని చెప్పాడు. అంటే యాప్‌లో ఒకటి అని కనబడే చోట నిజానికి ముగ్గురు. నేను ఆ లెక్కతో మొత్తాన్ని మూడుతో గుణించి సంతోషంగా ఉండేవాణ్ణి.

నా రూమ్మేటుకి ఈ లెక్క నచ్చలేదు. వాడిది జగిత్యాల వైపు, స్కాఫోల్డింగ్ పని, అంటే బిల్డింగులకి పరంజాలు కట్టడం. అదే సీరియల్ జంటకి వాడూ అభిమానే, కానీ వాడి భక్తి వేరు. సీరియల్ ముక్కలు కత్తిరించి, స్లో మోషన్లో తిప్పి, ముప్పై సెకన్ల రీళ్ళు చేస్తాడు. హీరోయిన్ ఒక్కసారి తల తిప్పితే వాడికి వెయ్యి హార్టులు. నేను ఆమెని ఇరవై పేజీలు ఏడిపిస్తే నాలుగు.

"గింత పొడుగు రాస్తే ఎవడు సదువుతడురా?" అనేవాడు. "ఒకప్పుడు సదివేటోళ్ళు, గిప్పుడు పోయిర్రు. జమానా మారింది."

"నువ్వు చదివావా?"

"సదవలే. లైక్ కొట్టిన గద."

వాడు చెప్పిందీ అబద్ధం కాదు. నేను మొదలుపెట్టినప్పుడు కింద కామెంట్లలో జనం పేరాలు పేరాలు రాసేవాళ్ళు, హీరో అత్తని తిట్టేవాళ్ళు, ఒకావిడైతే అత్త తరఫున వాదించేది. తర్వాత పేరాలు వాక్యాలయ్యాయి, వాక్యాలు హార్టులయ్యాయి. ఇప్పుడు కొందరు "అన్నా, వాయిస్‌లో పెట్టు, వంట చేస్తూ వింటాం" అంటున్నారు. పదిహేనో ఎపిసోడ్‌లో హీరో అల్ షహానియా పందెం మైదానంలో ఒంటె ఎక్కి పందెం గెలిచాడు. అక్కడ పందెం ఒంటెల మీద కూర్చునేది చిన్న రోబో అని, మనిషి ఎక్కడని నాకు తర్వాత తెలిసింది. ఎవరైనా పట్టుకుంటారేమోనని భయపడ్డాను. ఒక్కరూ అడగలేదు. ఆ రోజూ కామెంటు పెట్టింది అన్నొక్కడే. "ఒంటె బాగుంది."

అలాంటి అన్న జూన్ నెల చివర్లో మాయమయ్యాడు.

అప్పుడే నేను నా జీవితంలోకెల్లా గొప్ప రాత రాశాను. పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటో ఎపిసోడ్లు. హీరో, హీరోయిన్ ఇద్దరూ ఆ విల్లా మేడం కారులో కార్నిష్ రోడ్డు పక్కన ఆగుతారు. ఎదురుగా సముద్రం. మూడు ఎపిసోడ్లూ మాట్లాడుకుంటారు. గాల్లో ఆగిపోయిన ఆ తాళి గురించి మొత్తం బయటికొస్తుంది. రాస్తూ నేనే ఏడ్చాను. రూమ్మేటు చూసి, ఊర్లో ఎవరికైనా ఏమైనా అయిందా అని కంగారుపడి టీ తెచ్చిచ్చాడు. సంగతి తెలిశాక టీ వెనక్కి తీసుకున్నాడు.

అన్న నుంచి కామెంటు లేదు. ఒక వారం, రెండు వారాలు. చదివినవాళ్ళ సంఖ్య కూడా జారిపోయింది. మూడుతో గుణించినా లాభం లేనంతగా.

రూమ్మేటుతో అన్నాను: "సెప్టెంబరు దాకా చూస్తాను. అన్న వెనక్కి రాకపోతే కథ ఆపేసి నీ రీళ్ళకి డైలాగులు రాస్తా."

"రెండే మాటలు గావాలె. మూడైతే ఎక్కువైతది."

సరదాగానే అన్నాను. కానీ ఆ రోజుల్లో స్టోర్‌లో హెల్మెట్లు లెక్కపెడుతూ మధ్యలో అంకె మరిచిపోయేవాణ్ణి. ఊరూ పేరూ లేని వందమంది పోయినా ఫరవాలేదు. కడపాయన పోతే మాత్రం, నేను డ్రైవర్ల గురించి ఏమీ తెలియకుండా రాస్తున్నానని అర్థం.

జూలైలో ఒక శుక్రవారం సూక్ వాకిఫ్ బజారు పక్కన కరక్ టీ కొట్టు దగ్గర దొరికాడు. నేను నేరుగా అడిగేశాను.

"అన్నా, కథ ఎందుకు వదిలేశావు? ఏడుపు ఎక్కువైందా?"

"ఏడుపు బాగానే ఉండాది." టీ ఊదుకున్నాడు. "అది కాదప్పా. మూడు ఎపిసోడ్లు కారు ఆపుకోని మాట్లాడుకుంటాండారు గదా. మేడం ఒక్కపారి గూడా ఫోన్ జేయలేదే?"

నాకు అర్థం కాలేదు. "మేడం బిజీగా ఉందేమో అన్నా."

"బిజీగా ఉంటే ఇంకా ఎక్కువ జేస్తాది."

"కథ కదన్నా..."

"కథే. అయితే నాకు లోపల దడ. వాళ్ళు ప్రేమ సంగతి మాట్లాడతాంటే, ఇప్పుడు మోగుతాది, ఇప్పుడు మోగుతాది అని నా ఫోన్ దిక్కు జూస్తాండా. ఆడ బయటపడినా. మళ్ళ కుదర్లేదు."

"హీరో ఒంటె మీద పందెం గెలిస్తే ఏమీ అనలేదు కదా నువ్వు?"

"నేను ఒంటెల కాడ పన్జేయలేదు గదప్పా."

అప్పుడు ఆయన ఫోను మోగింది. సెలవు రోజే. "యస్ మేడం. ఓకే మేడం. ఫైవ్ మినిట్ మేడం." పెట్టేసి, మిగిలిన టీ తాపీగా తాగాడు.

"ఐదు నిమిషాల్లో వెళ్ళిపోతావా అన్నా?"

"యాడ? ఫైవ్ మినిట్ అంటే బండి స్టార్ట్ జేసినానని. అంతే."

ఆ రాత్రే కాదు గానీ, ఆ వారమంతా కూర్చుని మూడు ఎపిసోడ్లనీ తిరగరాశాను. మేడం చేత పద్నాలుగు సార్లు ఫోన్ చేయించాను. హీరో "నాలుగేళ్ళుగా నేను..." అంటాడు, ఫోన్. పాలు తెమ్మంటుంది. "నేను నిన్ను..." ఫోన్. పాలంటే లబన్ మజ్జిగ కాదు, పాలు. హీరోయిన్ ఏదో చెప్పబోతే ఈసారి ఆమె ఫోనే మోగుతుంది, ఇస్త్రీ ఎంతవరకు వచ్చిందని. నా ఇరవై పేజీల కన్నీళ్ళు పాల ప్యాకెట్ల మధ్య నలిగి ఏడు పేజీలయ్యాయి. చివరికి పద్నాలుగో ఫోనుకి హీరో "ఫైవ్ మినిట్ మేడం" అంటాడు. అని, బండి స్టార్ట్ చేయడు. తాళం తీసి డ్యాష్‌బోర్డు మీద పెడతాడు. హీరోయిన్ ఆ తాళం వైపు చూస్తుంది. అంతే, ఎపిసోడ్ అయిపోయింది. ప్రేమ అన్న మాట ఎక్కడా రాలేదు.

పెట్టాను. జూలై పోయింది, ఆగస్టు సగం పోయింది. మొత్తం ఆరుగురు చదివారు. రూమ్మేటు రెండు మాటల డైలాగులు అడగడం మొదలుపెట్టాడు.

సెప్టెంబరు మొదటి వారంలో, ఒక సోమవారం మధ్యాహ్నం, స్టోర్‌లో అన్నం తింటుంటే అన్న వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల ఇంకో ఇద్దరి నవ్వులు, కారు ఏసీ హోరు.

"ఏమప్పా, తాళం తీసి పెట్టినాడే! ఆ మాట సదవతానే ముగ్గురమూ అబ్బా అన్నాం. పక్కోడు ఊగి నా మీద పడితే హారన్ మోగింది, సెక్యూరిటీవోడు వొచ్చి తిట్టిపోయినాడు. ఆ పని నేను పదకొండేళ్ళల్లో ఒక్కపారి జేయలేదప్పా. హీరో అంటే వాడే."

నాలుగుసార్లు విన్నాను. అన్నం చల్లారింది. ఆ వారంలో చదివేవాళ్ళు మళ్ళీ జూన్ లెక్కకి వచ్చారు. సాయంత్రం రూమ్మేటుకి, వాడి స్కాఫోల్డింగ్ జట్టుకి సమోసాలు తినిపించి, పాఠకుణ్ణి కథలోంచి బయటికి తోసేది ఏది, తిరిగి లోపలికి లాగేది ఏది అని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. నిజం అనే చిన్న మేకు ఊడితే పెద్ద తలుపే పడిపోతుందన్నాను. రూమ్మేటు మూడో సమోసా అందుకుంటూ, "గీ మాట రీలుకు పనికొస్తది, గని పొడుగున్నది" అన్నాడు.

తర్వాతి శుక్రవారం అన్నకి కూడా ఇదే చెప్పాను. తిరగరాసింది చదివే వెనక్కి వచ్చావు కదన్నా అని.

"అది బాగుండాది, కాదనను," అన్నాడు అన్న. "అయితే రెండు నెల్లు స్కూళ్ళు లేవు గదప్పా. పిల్లోల్లని దింపేదీ లేదు, తెచ్చేదీ లేదు. ఇంగ నేనెప్పుడు సదవాల?"

అబూ హమూర్‌లో మేడం పిల్లల స్కూలు పన్నెండున్నరకి వదులుతారు. గేటు పక్కన నీడలో పార్కింగ్ దొరకాలంటే పదకొండున్నరకే వెళ్ళాలి.