డిమ్నా ఒడ్డున ఎర్ర బోర్డు

నేను అరవై రెండేళ్లకు తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మాది హిందీ మాట్లాడే ఊళ్లో బాగ్‌బేరా రైల్వే కాలనీ. మొన్న చలికాలంలో కోడలు, మనవరాలితో డిమ్నా లేక్‌కు పిక్నిక్ వెళ్లాం. దల్మా కొండలు నీళ్లలో తలకిందులుగా కనబడుతున్నాయి.

తిన్నాక అన్నం గిన్నె కడగడానికి ఒడ్డుకు వెళ్లాను. అక్కడ ఎర్ర బోర్డు మీద హిందీలో ఏదో రాసి ఉంది. నాకు హిందీ మాటలొచ్చు గానీ రాత రాదు.

"నానమ్మా, బోర్డ్ పఢ్ లియా?" అని మనవరాలు వెనక నుంచి అరిచింది.

"చదివేనే. నాకు తెలవదేటి?" అన్నాను.

శ్రీకాకుళంలో నేను పుట్టిన ఊరి చెరువులాగే ఒడ్డున మోకాలి లోతు ఉంటుందనుకుని దిగాను. కానీ ఇక్కడ కొండ వాలు నీటి అంచున ఆగిపోదు, అలాగే లోపలికీ దిగిపోతుంది. రెండో అడుగుకే పీకల్లోతు వచ్చింది. గిన్నె మునిగిపోయింది. కోడలు నా జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగింది.

"లోతు ఎక్కువ, దిగొద్దని రాసుంది కదత్తా! చదివేనన్నావు?"

"అబద్ధమాడేను" అన్నాను.

చదువు రాని రోజుల్లో ఏ బోర్డు కనబడినా పక్కవాళ్లను అడిగేదాన్ని. నాలుగక్షరాలు వచ్చాకే అడగడానికి సిగ్గేసింది. ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాను.