అండాలు పాకిన నేల

1964. నార్కట్‌పల్లిలో రోడ్డు పక్క చిన్న దవాఖానలో నర్సుని. లారీలు ఆగే ఊరు కాబట్టి గాయాలకు కట్లు కట్టడంతోనే సగం రోజు గడిచేది. ఒక ఉదయం యాదమ్మ అనే ఆమె ఆరేళ్ల కూతురు అండాలును ఎత్తుకొచ్చింది.

"సిస్టరమ్మా, కడుపు నొస్తుందని ముడుసుకుంటాంది. నిన్న చెప్పింది ఇయ్యాల యాదికుండదు. నెత్తిల మట్టే ఉన్నదని బడిల సారు పేరు తీసేస్తనంటుండు."

పిల్ల పాలిపోయి ఉంది. నులిపురుగులేమో అనుకుంటూ నోరు తెరిపించాను. చిగుళ్ల అంచున నీలిగీత! దాన్ని లెడ్ లైన్ అంటారు, ఒంట్లో సీసం చేరిందనడానికి గుర్తు. ట్రైనింగులో బొమ్మలో చూడటమే తప్ప మనిషి నోట్లో చూడటం అదే మొదలు.

"ఇంట్ల సీసం ఏడిది చెల్లే?"

"మా ఆయన లారీల పాత బ్యాటరీలు పగలగొట్టి, అండ్ల సీసం పలకలు మా పొయ్యి మీదనే కరగబెడ్తడు. వలలకు కట్టే గుండ్లు పోస్తడు."

అండాలు పాకింది ఆ పొయ్యి ముందరే. మన్ను తింటోందని పిల్లను కొట్టారు గానీ ఆ మన్నులో ఏముందో ఎవరూ చూడలేదు. డాక్టరుగారు పరీక్షించి, దాచకుండా చెప్పారు: "సీసం పసిమెదడును దెబ్బతీస్తుంది. ఇకమీద చేరకుండా ఆపుదాం. పోయిన చురుకంతా తిరిగొస్తుందని మాత్రం చెప్పలేను."

యాదమ్మ ఏడవలేదు. నన్ను వెంటబెట్టుకుని ఇంటికెళ్లి, సీసం కాచే మూకుడును వీధిలోకి విసిరేసింది. "బువ్వెట్ల తింటం?" అని మొగుడు ఎగిరాడు.

"నీ పొయ్యి ఊరవతల పెట్టుకో. తానం చేసి, బట్టలు మార్సుకొనే ఇంట్లకు రా. లేకుంటే పిల్లను తీస్కొని నేనే పోత."

మర్నాడు బడికి వెళ్లాం. "మేకల కాడికి పంపమ్మా" అన్నాడు సారు. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే యాదమ్మ అందుకుంది.

"దాని నెత్తిల మట్టి లేదు సారూ. మా పొయ్యి దాన్ని గిట్ల చేసింది. పదిసార్లు చెప్పు, రాకుంటే మల్ల చెప్పు. పేరు మాత్రం తియ్యనియ్య."

అని గుమ్మంలోనే బైఠాయించింది. సారు పేరు తీయలేదు.

మొగుడి పొయ్యి ఊరవతలికి పోయింది, అండాలుకు కడుపునొప్పి తగ్గింది. లెక్కలు మాత్రం చివరిదాకా కష్టంగానే వచ్చాయి, అబద్ధమెందుకు? కానీ అయిదో తరగతి దాకా తన జాగాలో తాను కూర్చుంది.

పిల్లను మొద్దు అనడం ఎంత సులువో ఆ కేసుతో తెలిసింది. అటు తర్వాత ఎవరా మాటన్నా నేను ఊరుకోలేదు. అలా అనిపించుకున్న పిల్ల పాకిన నేల చూడటానికి పోయేదాన్ని. అన్నవాళ్లనూ వెంట లాక్కుపోయేదాన్ని.