ఆదివారం పడిన ముద్ర

గుంటూరు మిర్చియార్డులో టిక్కీ బస్తాలకు మూతికుట్లు వేసే మాబు సాహెబ్ కూతురు నస్రత్. వాళ్ళ బంధువుల్లో నర్సింగ్ చదివిన మొదటి మనిషి. తొమ్మిదేళ్ళుగా ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ డ్యూటీ చేస్తోంది. ముప్పై ఒకటో ఏట ఒమన్‌లో ఉద్యోగం ఖాయమైంది. చేరాలంటే ఆమె నర్సింగ్ సర్టిఫికెట్ అసలుదేనని ముందు రాష్ట్ర ప్రభుత్వం ముద్ర వేయాలి. దాని మీద విదేశాంగ శాఖ స్టిక్కరు అంటించాలి. గడువు పద్దెనిమిది రోజులు.

అదే ఉద్యోగానికి ఎంపికైన తోటి నర్సు శ్రీరమ్య, "మనమెక్కడ తిరుగుతామే, సెలవులెవరిస్తారు?" అంది. ఇద్దరూ కలిసి ప్రేమ్‌చంద్ అనే ఏజెంటు దగ్గరికి వెళ్ళారు. శనివారం మధ్యాహ్నం ఒరిజినల్స్ ఇస్తే, మంగళవారం సాయంత్రానికల్లా ముద్ర వేయించి చేతిలో పెట్టాడు. స్టిక్కరు కూడా తనే తెప్పిస్తానన్నాడు.

నస్రత్‌కి ఒక అలవాటుంది. ఇంజెక్షన్ చేతిలోకి తీసుకుంటే పేరు, తేదీ, బ్యాచ్ నంబరు చూడందే సిరంజి విప్పదు. సర్టిఫికెట్ తిప్పి ముద్రను కూడా అలాగే చూసింది. కింద తేదీ ఉంది. నెల సరే, సంవత్సరం సరే. రోజు దగ్గర ఆగిపోయింది. అది ఆదివారం.

"ప్రేమ్‌చంద్ గారూ, ఆదివారం ఆఫీసు తీశారా?"

"అర్జెంటు కేసులకు తీస్తారమ్మా," అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా.

మెట్లు దిగాక నస్రత్, శ్రీరమ్య చెయ్యి పట్టుకుని ఆపి ఆమె సర్టిఫికెట్ కూడా తీయించింది. అదే ఆదివారం. శ్రీరమ్య ముఖం పాలిపోయింది. అయినా, "ఎవరు చూస్తారే అంత పరీక్షగా? నోరు మూసుకుని పంపించేద్దాం," అంది.

"అక్కడ పట్టుకుంటే?"

"ఇక్కడ నువ్వే వెళ్ళి చెప్తే మాత్రం ఊరుకుంటారా? దొంగ ముద్ర నీ కాగితం మీదుంది. నువ్వే వేయించుకున్నావంటారు."

నస్రత్ కాగితం ఫైల్లో పెట్టుకుంది. ఇంటికెళ్ళి తండ్రికి చెప్పింది. మాబు సాహెబ్‌కి చదువు రాదు. కూతురు చూపించిన ముద్రను చాలాసేపు చూసి, "తప్పు నీది కాదని నీకు తెలుసు గదమ్మా. పొద్దున్నే పోదాం పద," అన్నాడు.

తుళ్లూరు మీదుగా వెలగపూడి సచివాలయానికి వెళ్ళే బస్సెక్కారు. కిటికీ బయట సగం లేచిన భవనాలు, క్రేన్లు. నస్రత్ ఏదీ చూడలేదు. ఒళ్ళో ఫైలు మీద పెట్టిన అరచేతులు చెమట పట్టి అట్ట మెత్తబడింది. లోపలికి ఒక్కరికే పాసిచ్చారు. తండ్రి గేటు దగ్గరే ఉండిపోయాడు.

ముద్రలు వేసే ఆఫీసులో ఉన్నది నడివయసు అధికారిణి. కాగితం వెనక్కి తిప్పి ఒక్కసారే చూసింది.

"ఇది మా ముద్ర కాదమ్మా."

"తెలుసండి. అది చెప్పడానికే వచ్చాను."

ఆమె కళ్ళజోడు తీసింది. కాగితం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. అరగంట దాటింది. ఒక అటెండరు వచ్చి నస్రత్ ఆధార్ కార్డు అడిగి తీసుకెళ్ళాడు. లోపల ఎవరో ఫోన్లో 'పోలీస్' అనడం వినపడింది. నస్రత్ తలుపు వైపు చూసింది. లేచి వెళ్ళిపోదామన్నా కాగితం లోపలుంది, కార్డు లోపలుంది.

చివరికి పిలిచారు. "జరిగింది రాసి సంతకం పెట్టండి. ఈ సర్టిఫికెట్ మాత్రం తిరిగివ్వడం కుదరదు."

"మరి నేను నర్సునని దేంతో చూపించుకోవాలండి?"

"యూనివర్సిటీలో మీ రికార్డు ఉంటుంది. డూప్లికేట్‌కి పెట్టుకోండి. టైం పడుతుంది." మళ్ళీ తనే అడిగింది. "ఆ ఏజెంటుకి ఇంకెవరైనా ఇచ్చారా?"

"ఇచ్చారండి. వాళ్ళ పేరు వాళ్ళే వచ్చి చెప్పాలి. నా సంగతి నేను రాసిస్తాను."

అధికారిణి తెల్లకాగితం ముందుకు జరిపింది.

బయటికొచ్చి శ్రీరమ్యకు ఫోన్ చేసింది. "రేపు నువ్వూ వచ్చి ఇచ్చేయ్. ఇవాళ పోలీసులకు చెప్పారు."

"నా ఉద్యోగం కూడా పోగొట్టావు," అని శ్రీరమ్య ఫోన్ పెట్టేసింది.

నాలుగో రోజున ప్రేమ్‌చంద్ గదిలో పోలీసులకు నలభై మూడు సర్టిఫికెట్లు దొరికాయి. వాటి మధ్యలో శ్రీరమ్యదీ ఉంది. స్టిక్కరు కోసమని మళ్ళీ అతనికే ఇచ్చిందట. అది కేసులో చిక్కుకుపోయింది. గడువు దాటింది. ఒమన్ వాళ్ళు ఇద్దరి చోటా వేరేవాళ్ళను తీసుకున్నారు.

నస్రత్‌కి డూప్లికేట్ రావడానికి మూడు నెలలు, ముద్రకూ స్టిక్కరుకూ ఇంకో నెల పట్టింది. ఈ మధ్యలో ఇద్దరూ ఒకే ఐసీయూలో పక్కపక్క మంచాల దగ్గర పనిచేశారు. రోగి గురించి తప్ప ఇంకో మాట లేదు. కొత్తగా మస్కట్ ఆసుపత్రి ఇంటర్వ్యూలో, సర్టిఫికెట్ డూప్లికేట్ ఎందుకైందని అడిగితే నస్రత్ ఉన్నదున్నట్టు చెప్పింది. వారానికి ఆర్డరొచ్చింది.

ఆ కబురు తెలిసిన రోజు, డ్యూటీ మారే వేళకు శ్రీరమ్య వచ్చి లాకర్ల దగ్గర నిలబడింది. "డూప్లికేట్‌కి ఏమేం పెట్టాలి?" అంది నేల చూస్తూ.

నస్రత్ ఏప్రన్ మడతపెట్టడం ఆపింది. "ముందు తుళ్లూరు పోలీస్ స్టేషన్‌లో, నీ సర్టిఫికెట్ కేసులో ఉందని కాగితం తీసుకోవాలి. రేపు నాకు ఆఫ్. పొద్దున ఆరింటికి బస్టాండుకి వచ్చేయ్, ఇద్దరం వెళ్దాం."