సెమినార్ హాలు తలుపు

సిద్దిపేట శివారులోని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ మీద వర్క్‌షాపు ఎప్పుడు పెట్టినా, అక్కడ ఆ సబ్జెక్టు చెప్పే స్వరూప మేడం సెమినార్ హాలు తలుపు దగ్గరే నిలబడుతుంది. భోజనాలయ్యాక పిల్లలు జారుకోకుండా చూడటం ఆమె డ్యూటీ. హాలు నిండుగా ఉంటేనే ఫొటో బాగా వస్తుందట. ఒక చెప్పు విడిచి, ఆ పాదంతో రెండో మడమ రుద్దుకుంటూ, వేదిక మీది మాటలు వింటూ, తలుపు చెక్క మీద వేలితో డబ్బాలూ బాణాలూ గీస్తుంటుంది. ఈసారి హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రొఫెసర్, ముందున్న రెండు దారుల్లో ఏది సరైనదో తేలకముందే ప్రాసెసర్ ఒకదాన్ని ఊహించి సాగిపోతుందని చెప్పాడు. ఆమె చెయ్యెత్తింది.

"ఊహ తప్పైతే చేసిందంతా పారేయాలె కద సార్. తేలేదాక ఆగితే ఏమైతది?"

ప్రొఫెసర్ మైకు కింద పెట్టాడు. "తప్పితే వెనక్కొచ్చి మళ్లీ మొదలుపెట్టొచ్చు మేడం. ప్రతిసారీ ఆగితేనే నష్టమెక్కువ. దగ్గరికి రండి, గీసి చూపిస్తాను."

ఆమె చెప్పు తొడుక్కొని నాలుగడుగులు వేసింది. బోర్డు మీద మొదటి గీత పడేలోగా వెనక వరుస సగం ఖాళీ అయింది. ముందు వరుసలోంచి ప్రిన్సిపాల్ తల తిప్పి తలుపు వైపు చూశాడు. ఆమె వెనక్కి నడిచింది. గడప దగ్గర సాత్విక అనే విద్యార్థిని బ్యాగు పట్టుకొని నిలబడి ఉంది.

"మన దుబ్బాక బస్సు పోతది మేడం. మీరు సుత రాండ్రి," అంది గుసగుసగా.

స్వరూప ఆ పిల్లను బయటికి పోనిచ్చింది. తర్వాత తలుపు మూసి, లోపలి నుంచి గడియ పెట్టి, బోర్డు వైపు తిరిగింది.