అక్కతో సిద్దిపేటకు, మధ్యలో పంజగుట్ట

అమీర్‌పేట నుంచి సిద్దిపేట వెళ్ళదలచినవారు పంజగుట్టకు పోనక్కరలేదు. అది దారిలో లేదు, పూర్తిగా వెనకవైపు ఉంది. అయినా ఆ వారంలో నేను సిద్దిపేటకు బయలుదేరిన ప్రతిసారీ పంజగుట్టకే చేరాను. నల్లమల ఘాట్‌లో బ్రేకులు పోయిన లారీని పెద్దపులి తోక పట్టుకొని ఆపిన మనిషిని నేను. నమ్మనివారు పులిని అడగవచ్చు. అలాంటి నన్ను కూడా ఈ ప్రయాణం పిండి ఆరేసింది.

కారణం మా అక్క. నడుము పట్టేసి సిద్దిపేట నుంచి వచ్చి, సోమాజిగూడలో ఒక నర్సింగ్‌హోమ్‌లో పడుకొంది. కాస్త తేరుకున్నాక ఇంటికి పంపుతూ డాక్టరు గట్టిగా చెప్పాడు: బస్సు ఎక్కకూడదు, కుదుపు తగలకూడదు. కూర్చుంటే ఫరవాలేదు, లేవడం, దిగడం, ఎక్కడమే గండం. ఇంకోసారి పట్టేసిందంటే మళ్ళీ నెలల తరబడి మంచమేనట.

అక్క అమీర్‌పేటలో మా అద్దె ఇంటి ముందు గదిలో పడుకొని రోజూ ఒకటే పాట. "తమ్మీ, నన్ను నా ఇంటికి తోల్కపో. ఈ ఫ్యాను రెక్కలు ఎన్నిసార్లు లెక్కవెట్టినా మూడే ఉన్నయిరా."

నాకొక పాత కారుంది. దాన్ని నాకు అమ్మిన కుర్రవాడు పెళ్ళి బారాత్‌లలో షోకు కోసం ఎత్తు తగ్గించి కిందికి దింపించాడు. ఎంత కిందికంటే, దాని కింద నుంచి పోవాలంటే చీమ కూడా తల వంచాలి. నేనొక్కడినే నడిపితే వెన్నలా పోయేది. నర్సింగ్‌హోమ్ నుంచి అక్కనూ ఆమె మూటాముల్లెనూ తెస్తుంటే మాత్రం, పంజగుట్ట మలుపులో చిన్న గతుకు తగలగానే వెనక భాగం ఒక్క గెంతు గెంతి పక్కకు జరిగింది. పక్కనే పోతున్న స్కూటరతను మా వంశం మొత్తాన్నీ గుర్తు చేశాడు. అక్క రెండు చేతులతో సీటు పట్టుకొని కళ్ళు మూసుకొంది. ఇంటికి చేరేదాకా తెరవలేదు.

మర్నాడు కారును పంజగుట్ట సందులో మెకానిక్ గౌస్ భాయ్ షెడ్డులో వదిలి బస్సులో తిరిగివచ్చాను. ఆ తర్వాతి రోజు దాన్ని తెచ్చుకోవడానికి పొద్దున మళ్ళీ బస్సెక్కాను. అమీర్‌పేటలో ఆఫీసుల వేళ బస్సంటే ఒక కాలు మాత్రమే మనది. రెండో కాలు ఎవరిదో దిగేటప్పుడు తెలుస్తుంది. పక్కన టిఫిన్ క్యారియరుతో వేలాడుతున్న మనిషిని గౌస్ భాయ్ ఎలాంటివాడని అడిగాను.

"మస్తు మంచోడన్నా. పోంగనే చాయ్ తాగిపిస్తడు."

"పనో?"

"పని సుత చేస్తడు."

నిజమే. వెళ్ళగానే స్టూలు తుడిచి వేశాడు, చాయ్ తెప్పించాడు. "షాకబ్జర్లు పోయినయ్ సాబ్, కొత్తవి వేసిన. ట్రయల్ చూసొస్త, మీరు జర కూసోండ్రి."

"నేనూ వస్త భాయ్."

"తోబా! ఇంటికొచ్చిన మెహమాన్‌ను గతుకులల్ల తిప్పుతనా? మా నాయన జమానా నుంచి ఆ రివాజు లేదు సాబ్."

డిక్కీలో నేను మరచిన గోనెసంచీని కూడా గౌరవంగా దించి నీడలో పెట్టి, ఒంటరిగా వెళ్ళివచ్చాడు. "ఫస్ట్ క్లాస్." నేనూ ఒంటరిగా నడుపుకొంటూ ఇంటికి వచ్చాను. నాకూ ఫస్ట్ క్లాసే. సాయంత్రం అక్కను ఎక్కించి గల్లీ చివరిదాకా పోయానో లేదో, మళ్ళీ అదే గెంతు.

రెండోసారి టైర్లలో గాలి తగ్గించాడు. మూడోసారి అరిగిన రబ్బరు బుష్షులు మార్చాడు. ప్రతిసారీ స్టూలు, చాయ్, ఒంటరి ట్రయల్, ఫస్ట్ క్లాస్. ప్రతిసారీ అక్క ఎక్కగానే కారుకు దెయ్యం పట్టినట్టే. నాకు పంజగుట్ట పేరు వింటేనే ఆవులింతలు వచ్చేవి.

శుక్రవారం పొద్దున ఏడింటికే అక్కను దిండ్లతో సహా వెనక సీట్లో సర్ది, ఈసారి ఏమైనా సరే సిద్దిపేటే అనుకొని బయలుదేరాను. అమీర్‌పేట చౌరస్తా దాటలేదు, బండి తోక ఊపింది. అద్దంలో చూశాను. అక్క ముఖం సున్నం కొట్టినట్టుంది.

"తమ్మీ, నన్ను బస్సుకాడ దించు."

"బస్సు మెట్టెక్కుతె నీ నడుం అక్కడ్నే ఇరుగుతదక్కా."

"ఇరిగితె ఇరగనీ. ఇంటికి పోయి ఇరుగుడు మేలు."

ఆమె అన్నంత పనీ చేస్తుంది. కారును పంజగుట్టకు తిప్పి, మెల్లగా, ఎద్దుల బండి కంటే మెల్లగా నడిపాను.

గౌస్ భాయ్ అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. నన్ను చూసి స్టూలు తుడవబోయి, వెనక సీట్లో అక్కను చూసి ఆగిపోయాడు. "సలాం అమ్మా. జర దిగి నీడల కూసోండ్రి, నేను ట్రయల్ చూసొస్త."

"నేను దిగ."

"అమ్మా, గతుకులు..."

"దిగుడు, ఎక్కుడే నా బీమారి బిడ్డా. నడుపుతె నడుపు, లేకుంటె మా తమ్ముని చాయ్ నువ్వే తాగు."

తండ్రి నాటి రివాజు ఒకవైపు, మా అక్క ఒకవైపు. పాపం, గడ్డం గోక్కొని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. డిక్కీలో సామాను కూడా అట్లాగే ఉండిపోయింది. చౌరస్తాదాకా పోయి వచ్చేసరికి అతని నుదుటి మీద చెమట.

"యా అల్లా. సాబ్, నిజంగనే గెంతుతున్నది!"

"నేను నాలుగు దినాల సంది చెప్తున్నది గదే భాయ్!"

అక్క లోపల ఉండగానే అతను నేల మీద వెల్లకిలా పడుకొని వెనక చక్రాల మధ్యకు తల మాత్రం దూర్చాడు. నన్నూ వంగి చూడమన్నాడు. ఇరుసు మరీ పైకి వచ్చి కొట్టుకోకుండా, దాని పైన రెండు పక్కలా రబ్బరు దిమ్మలుంటాయి. ఖాళీ బండిలో ఇరుసుకూ దిమ్మకూ మధ్య ఎంతో కొంత సందుంటుంది. ఇప్పుడు చూస్తే అక్క కూర్చున్న పక్క అసలు సందే లేదు. ఇరుసు దిమ్మకు ఆనుకొని ఉంది. బండి దించడానికి దాన్ని నాకు అమ్మిన కుర్రవాడు వెనక బరువు మోసే ఉక్కు కమాన్ కట్టల్లోంచి ఒక్కో పక్క రెండేసి పట్టీలు పీకించాడు. మనుషులు ఎక్కాక చక్రం పైకి లేవడానికి చోటే మిగలలేదు. గతుకు తగిలితే దెబ్బంతా దిమ్మకు తగిలి చక్రం నేలను వదిలేస్తోంది. మలుపులో అట్లా వదిలితే తోక పక్కకు పోక ఏం చేస్తుంది?

"ఖాళీ బండి చూస్తె నాకెట్ల తెలుస్తది సాబ్? గతుకుల బాధ మీకెందుకని దించితి, తప్పు నాకు కనబడకపాయె."

పట్టీలు మళ్ళీ వేయాలంటే బండిని జాకీ మీద లేపాలి. అంటే అక్క దిగాలి. ఆమె ఒక్కొక్క దిండే పక్కకు తోసింది. "ఒక్కపారి దిగుత. మల్ల ఎక్కినంక సిద్దిపేటల్నే దిగుడు. గంతకంటె నాతోని గాదు."

ఇద్దరం పట్టుకొని దించాం. ఆమె పంటి బిగువున మూలిగిన చప్పుడు నాకు వినిపించింది. వెనక సీట్లోని దిండ్లు షెడ్డులో బల్ల మీద పరిచి పడుకోబెట్టాం. నేను ఆటోలో ఖైరతాబాద్‌లో కమాన్లు చేసే దుకాణానికి పోయి పట్టీలు కొలత చూసి చేయించి, మోసుకొని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. భుజాలు ఊడిపోయాయి. గౌస్ భాయ్ ఇంటి నుంచి ఖిచిడీ, చింతపండు ఖట్టా వచ్చాయి. అక్క పడుకొనే తిన్నది, పులుపు చాలలేదని చెప్పింది కూడా.

మూడింటికి కారు లేచి నిలబడింది. అందం పోయింది, ఒంటెలా ఉంది. గౌస్ భాయ్ ఈసారి ఒంటరిగా బయలుదేరలేదు. అక్కను రెండోసారి ఎక్కించి దించే వీల్లేదు గనక పక్క దుకాణం దర్జీని పిలిచి ఆమె చోట కూర్చోబెట్టాడు. దర్జీ దర్వాజా నిండేంత మనిషి.

"నేను గింత లావున్ననా?" అంది అక్క బల్ల మీద నుంచి.

"ట్రయల్‌కు బరువు జర ఎక్కువున్నా మంచిదే అమ్మా," అన్నాడు గౌస్ భాయ్ తల వంచుకొని. నన్ను కూడా ఎక్కించుకొన్నాడు. పంజగుట్ట మలుపులో కావాలనే గతుకు మీదికి పోనిచ్చాడు. కారు మెత్తగా కుంగి లేచింది. తోక కదల్లేదు. దర్జీ బీడీ కూడా కదల్లేదు.

అక్కను ఎక్కించి నాలుగింటికి బయలుదేరాం. సికింద్రాబాద్, అల్వాల్, శామీర్‌పేట. ప్రతి గుంత ముందూ నేను ఊపిరి బిగబట్టాను. అల్వాల్ దాటాక అక్క నిద్రపోయింది. ప్రజ్ఞాపూర్‌లో చాయ్ తాగుదామని ఆపి కూడా, ఇంజను ఆగితే లేస్తుందేమోనని తాగకుండానే కదిలాను. చీకటి పడే వేళకు ఇంటి ముందు దిగి, గడప పట్టుకొని తన కాళ్ళతో లోపలికి నడిచింది. నేను మాత్రం అరుగు మీద అట్లాగే కూలబడ్డాను.

మర్నాడు పొద్దున ఖాళీ కారుతో తిరుగు ప్రయాణం. పట్టీలన్నీ నిండుగా ఉన్న బండి మీద బరువు లేదు. ప్రతి రాయికీ గుర్రంలా ఎగిరి నా నడుమును వాయించింది. కొంతదూరం ఓర్చుకొని ప్రజ్ఞాపూర్ బస్‌స్టాండు దగ్గర ఆపాను. బస్సు కోసం నిలబడినవాళ్ళలో సన్నవాళ్ళను వదిలి, బాగా దిట్టంగా ఉన్న ఒక పటేల్‌నూ ఆయన భార్యనూ పిలిచి, పట్నందాకా ఊరికే తీసుకుపోతానని చెప్పి వెనక కూర్చోబెట్టాను. కారు వెంటనే శాంతించింది.

"నీ అసొంటి ధర్మాత్ముడు ఈ కాలంల ఉన్నడా!" అన్నాడాయన.

కాదనడానికి కూడా ఓపిక లేక, అవునన్నట్టు తల ఊపి నడిపాను.